పక్‌పీడియా సమీక్ష: హాకీ కాంట్రాక్టు చదవడానికీ, డిఫెండర్‌ను అంచనా కట్టడానికీ ఎంతవరకు పనికొస్తుంది?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏ ఆటగాడికి ఏ జట్టు ఎంత ఇస్తోంది, ఎన్నేళ్లకు ఇస్తోంది, ఏ షరతుల మీద ఇస్తోంది అన్న లెక్కనంతా పేరు పేరునా చూపే వెబ్‌సైటు పక్‌పీడియా. ప్రధాన పేజీలు చూడడానికి డబ్బు కట్టనక్కర లేదు. హాకీ కాంట్రాక్టుల గురించి తెలుసుకోదలచిన వారికి ఇంతకంటే పనికొచ్చే చోటు నాకు తెలిసి ప్రస్తుతానికి మరొకటి లేదు. అయితే ఇదే సైటును పట్టుకొని ఫలానా డిఫెండర్ తన జీతానికి తగినవాడా కాదా అని తీర్పు చెప్పబోతే తరచుగా బోల్తా పడతాం, ఎందుకంటే డిఫెన్స్ ఆడడమనే విద్యలో మేలైన భాగం ఏ పట్టికలోకీ ఎక్కదు. ఈ రెండు సంగతులనూ విడదీయకుండా చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

నార్త్ కరోలినాలో ర్యాలీ, కేరీ, మోరిస్‌విల్ పట్టణాల చుట్టూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగకుండా ఇక్కడికి వచ్చి, పిల్లల పుణ్యమా అని కరోలినా హరికేన్స్ ఆటలకు అలవాటు పడిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను. మొదట్లో పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఎటు పోతోందో కంటికి ఆనదు. అది ఆనడం మొదలయ్యాక మనవాళ్లు అడిగే తొలి ప్రశ్న మాత్రం ఒక్కటే: ‘వీళ్లకు జీతం ఎంత ఉంటుంది?’ ఆ ప్రశ్నకు సమాధానం పక్‌పీడియాలో రెండు నిమిషాల్లో దొరుకుతుంది. ఆ సమాధానానికి అర్థం తెలియడానికి మాత్రం కొంత ఓపిక కావాలి.

ఈ లెక్కను ఏళ్ల తరబడి రాసిపెట్టింది లీగ్ బయటి మనుషులే. 2009లో మొదలైన క్యాప్‌గీక్ అనే సైటు, దాన్ని నడిపిన మాథ్యూ వెస్ట్ అనారోగ్యం కారణంగా 2015 జనవరిలో ఆగిపోయింది. ఆయన ఆ మార్చిలోనే కన్నుమూశారు. ఆ ఖాళీని నింపిన క్యాప్‌ఫ్రెండ్లీని 2024లో వాషింగ్టన్ క్యాపిటల్స్ జట్టు ఏకంగా కొనేసి, ఆ జూలై 10న జనానికి మూసేసింది. అభిమానులు, విలేకరులే కాకుండా జట్ల కార్యాలయాల్లోని వాళ్లు కూడా చూసే లెక్క అది. ఒక జట్టు దాన్ని సొంతం చేసుకోవాలనుకున్నదంటే దాని విలువ ఏమిటో వేరే చెప్పక్కర లేదు. అప్పటికే నడుస్తున్న పక్‌పీడియా వైపు ఆ జనమంతా మళ్లింది. అందుచేత ఈ సైటును నమ్ముకునేవారు, ఇదీ ఎప్పటికీ ఇలాగే అందుబాటులో ఉంటుందని మరీ ధీమాగా ఉండకపోవడం మంచిది.

సైటు తెరవగానే ఒక్కో జట్టు పక్కన కనిపించే అంకెలకు మూలం శాలరీ క్యాప్. జీతాల తగాదాలో 2004-05 సీజన్ మొత్తం రద్దయిన తరువాత, ఒక జట్టు ఆటగాళ్లందరి మీద పెట్టే ఖర్చుకు గరిష్ఠ పరిమితి వచ్చింది. తొలి ఏడాది అది 3 కోట్ల 90 లక్షల డాలర్లు. 2025-26కు 9 కోట్ల 55 లక్షల డాలర్లు. ఇందులో కొత్తవారికి తికమక పెట్టేది క్యాప్ హిట్. ఒప్పందం మొత్తాన్ని సంవత్సరాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు అది. ఆ ఏడాది ఆటగాడి చేతికి అందే సొమ్ముకూ దానికీ పొంతన ఉండాలని లేదు. పక్‌పీడియాలో ఆటగాడి పేజీలో క్యాప్ హిట్, మూల జీతం, సైనింగ్ బోనస్ (సంతకం చేసినందుకు ఇచ్చే సొమ్ము) వేర్వేరు గడుల్లో ఏడాది వారీగా కనిపిస్తాయి. ఆ గడులను అడ్డంగా కాకుండా నిలువుగా చదవడం అలవాటు చేసుకుంటే ఒప్పందం వెనకున్న బేరం బయటపడుతుంది.

ఉదాహరణకు షే వెబర్ ఒప్పందాన్ని చూడండి. 2012 జూలైలో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ జట్టు ఈ డిఫెండర్‌కు 14 ఏళ్లకు 11 కోట్ల డాలర్ల ఆఫర్ షీట్, అంటే మరో జట్టు ఆటగాణ్ణి లాక్కోవడానికి చేసే ఒప్పంద ప్రతిపాదన, పెట్టింది. అతని సొంత జట్టు నాష్‌విల్ అంతే మొత్తానికి ఒప్పుకొని అతన్ని నిలుపుకుంది. నిలువు వరుస చదివితే మొదటి నాలుగేళ్లు ఏడాదికి 1 కోటి 40 లక్షల డాలర్లు, చివరి మూడేళ్లు ఏడాదికి 10 లక్షలు మాత్రమే. ఆఖరి సంవత్సరాలు కేవలం సగటును తగ్గించడానికి తగిలించినవని చూడగానే తెలిసిపోతుంది. వెబర్ 2021లో లీగ్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్ తరువాత గాయాల వల్ల మళ్లీ ఆడలేదు. ఒప్పందం మాత్రం మాంట్రియాల్ నుంచి వేగస్‌కు, అక్కడి నుంచి అరిజోనాకు చేతులు మారుతూ వెళ్లింది. 2024లో అతను హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరే నాటికి కూడా ఆ ఒప్పందం గడువు తీరలేదు! మైదానంలో లేని మనిషి పేరు ఒక జట్టు పద్దులో ఎందుకు కనిపిస్తోందని అడిగే కొత్త ప్రేక్షకుడికి ఈ ఒక్క పేజీ చూపిస్తే చాలు. ఇంత పొడుగు ఒప్పందాలకు 2013లో లీగ్ అడ్డుకట్ట వేసి, సొంత ఆటగాడితో 8 ఏళ్లు, బయటి ఆటగాడితో 7 ఏళ్లు మించకూడదన్నది.

నా మటుకు నాకు ఈ సైటులో ఎక్కువగా పనికొచ్చింది బయౌట్ లెక్క. ఒప్పందం మధ్యలో ఆటగాణ్ణి వదిలించుకోవాలంటే, అతనికి 26 ఏళ్లు నిండి ఉంటే మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు, అంతకు చిన్నవాడైతే మూడింట ఒక వంతు, మిగిలిన కాలానికి రెట్టింపు సంవత్సరాల్లో చెల్లించాలి. వినడానికి తేలిక. ఆలివర్ ఎక్‌మన్-లార్సన్ పేజీ తెరిచి చూస్తే ఇందులోని మెలిక అర్థమవుతుంది. ఈ స్వీడన్ డిఫెండర్ అరిజోనాతో 8 ఏళ్లకు 6 కోట్ల 60 లక్షల డాలర్లకు ఒప్పుకొని, 2021లో వాంకూవర్‌కు మారాడు. 2023 జూన్‌లో, ఇంకా నాలుగేళ్లు మిగిలి ఉండగా, వాంకూవర్ అతన్ని బయౌట్ చేసింది. ఆ జట్టు పద్దులో మొదటి ఏడాది పడిన భారం సుమారు 1 లక్ష 47 వేల డాలర్లు. రెండో ఏడు అది 23 లక్షలు దాటింది. మూడు, నాలుగు సంవత్సరాల్లో ఏడాదికి దాదాపు 47 లక్షల 67 వేలకు చేరి, ఆ తరువాతి నాలుగేళ్లు 21 లక్షల పైచిలుకు చొప్పున 2030-31 దాకా సాగుతుంది. అదే సమయంలో ఆ ఆటగాడేమో ఫ్లోరిడాతో ఏడాదికి 22 లక్షల 50 వేల డాలర్లకు కుదిరి, 2024లో స్టాన్లీ కప్ గెలిచి, టొరంటోలో నాలుగేళ్ల కొత్త ఒప్పందం సంపాదించుకున్నాడు. ఇంత కథ ఎనిమిది గడుల వరుసలో ఇమిడి ఉంటుంది. ఎవరి వ్యాఖ్యానమూ అక్కర లేకుండా, మొదటి ఏడు తేలిగ్గా కనిపించే బయౌట్ మూడో ఏడుకు ఎలా మెడకు చుట్టుకుంటుందో ఆ వరుసే చెబుతుంది.

ఒప్పందాల్లో సరదాలూ లేకపోలేదు. 2021లో హరికేన్స్ జట్టు మాంట్రియాల్‌కు చెందిన యెస్పెరి కోట్కనియెమికి పెట్టిన ఆఫర్ షీట్ విలువ సరిగ్గా 61,00,015 డాలర్లు, అందులో సైనింగ్ బోనస్ 20 డాలర్లు. ఆ 15 కోట్కనియెమి చొక్కా మీది అంకె. ఆ 20 రెండేళ్ల ముందు మాంట్రియాల్ ఇలాగే తన్నుకుపోవాలని చూసిన హరికేన్స్ ఆటగాడు సెబాస్టియన్ అహో చొక్కా మీది అంకె. కక్ష తీర్చుకోవడానికి కాంట్రాక్టు కాగితాన్ని వాడుకున్న జట్టు యాజమాన్యం చిలిపితనం ఇలాంటి పద్దుల్లోనే దొరుకుతుంది.

ఇక అసలు చిక్కు. డిఫెండర్ల జీతాలను ఎక్కువ నుంచి తక్కువకు పేర్చి చూస్తే, పైన కనిపించేవారిలో చాలామంది గోల్స్, అసిస్ట్‌లు (గోల్‌కు దారితీసే పాస్‌లు) బాగా చేసేవారు. 2019లో సాన్ హోసేతో 8 ఏళ్లకు 9 కోట్ల 20 లక్షల డాలర్లకు, అంటే ఏడాదికి 1 కోటి 15 లక్షల సగటుకు ఒప్పుకున్న ఎరిక్ కార్ల్‌సన్ ఇందుకు మంచి ఉదాహరణ. 2022-23లో అతను గోల్స్, అసిస్ట్‌లు కలిపి 101 పాయింట్లు సాధించాడు. 1991-92లో బ్రయన్ లీచ్ తరువాత ఒక డిఫెండర్ నూరు దాటడం అదే మొదటిసారి. ఉత్తమ డిఫెండర్‌కు ఇచ్చే నోరిస్ ట్రోఫీ కూడా అతనికే దక్కింది. అదే ఏడు అతని ప్లస్-మైనస్, అంటే స్థూలంగా అతను మంచు మీద ఉండగా తన జట్టు చేసిన గోల్స్‌కూ ప్రత్యర్థి చేసినవాటికీ ఉన్న తేడా, మైనస్ 26. బలహీనమైన జట్టులో ఆడినవాణ్ణి ఆ ఒక్క అంకెతో కొట్టిపారేయడం అన్యాయమే, కానీ ‘ఉత్తమ డిఫెండర్’ అన్న బిరుదులో డిఫెన్స్ వాటా ఎంత అన్న ప్రశ్న వేయకుండా ఉండలేం. ఎప్పుడూ ఇలాగే ఉండేదని కాదు. 1982-83లో వాషింగ్టన్‌కు ఆడిన రాడ్ లాంగ్‌వే మూడంటే మూడు గోల్స్ చేసి నోరిస్ ట్రోఫీ అందుకున్నాడు, మరుసటి ఏడు మళ్లీ అందుకున్నాడు.

ఇప్పుడు హరికేన్స్ డిఫెండర్ జాకబ్ స్లేవిన్ పేజీ తెరవండి. 2017లో కుదిరిన అతని ఏడేళ్ల ఒప్పందం క్యాప్ హిట్ 53 లక్షల డాలర్లు. 2024 జూలైలో కుదిరిన ఎనిమిదేళ్ల ఒప్పందం సుమారు 64 లక్షలు. కార్ల్‌సన్ అంకెలో సగానికి కాస్త ఎక్కువ. పట్టికను మాత్రమే చూసేవారు ఇతన్ని మధ్యస్థంగా ఆడే ఆటగాడనుకుంటారు. ఆటను చూసేవారి మాట వేరు. 2020-21లో 52 ఆటలు ఆడి, సీజన్ మొత్తంలో రెండే రెండు నిమిషాలు ఆట బయట కూర్చునే శిక్ష పొంది, మర్యాదైన ఆటకు ఇచ్చే లేడీ బింగ్ ట్రోఫీ గెలిచాడు. 2024లో మరోసారి గెలిచాడు. ప్రత్యర్థుల మేటి ఆటగాళ్లను రోజూ ఎదుర్కొనే డిఫెండర్ ఎవరినీ పట్టి లాగకుండా, కాలికి స్టిక్ అడ్డం పెట్టకుండా సీజన్ గడపడం ఎంత కష్టమో, ఆ పని చూసినవారికే తెలుస్తుంది.

ఆ పనిలో మొదటిది దూరం పాటించడం. పక్‌తో వచ్చేవాడికీ తనకూ మధ్య, వెనక్కి స్కేటింగ్ చేస్తూనే, ఒక స్టిక్ పొడవుకు కాస్త అటూ ఇటూగా ఎడం నిలపాలి. ఎక్కువ వదిలితే వచ్చేవాడు బ్లూ లైన్ (దాడి చేసే భాగం మొదలయ్యే గీత) దాటి తీరిగ్గా షాట్ కొడతాడు, తక్కువ వదిలితే ఒక్క అడుగు వేగంతో పక్కనుంచి దూసుకుపోతాడు. బ్లూ లైన్ నుంచి గోల్ గీత దాకా ఉండేది 64 అడుగులే కాబట్టి ఒకసారి ఆ ఎడం తప్పితే మళ్లీ సర్దుకోవడానికి వ్యవధి ఉండదు. రెండోది కోణం. మంచు మధ్యభాగాన్ని తన ఒంటితో మూసి, వచ్చేవాణ్ణి చెక్క గోడ వైపు నెట్టుకుపోవాలి. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి గీత వైపు వెళ్లనీయకుండా మూలకు తోసే పట్టుగాడి నేర్పు ఎరిగిన మనకు ఇది వెంటనే పట్టుబడుతుంది. మూడోది స్టిక్. స్లేవిన్ స్టిక్ ఆడించే తీరు గమనించండి: ఒక చేత్తో చాచి, బ్లేడును మంచుకు ఆనించి, ప్రత్యర్థి పాస్ ఇవ్వదలచిన దారిలో ముందే పెట్టి ఉంచుతాడు. పక్ అతని బ్లేడుకు తగిలి దారి తప్పుతుంది. పెద్ద చప్పుడేమీ ఉండదు, స్టేడియంలో ఎవరూ లేచి నిలబడరు, కామెంటేటర్ కూడా ‘పాస్ కలవలేదు’ అని తేల్చేస్తాడు.

ఇద్దరు కలిసి ఒక్క డిఫెండర్ మీదికి వచ్చినప్పుడు ఈ నేర్పు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పక్ ఉన్నవాడి మీదికి ఎగబడడం అనుభవం లేనివారి లక్షణం. అనుభవజ్ఞుడు షాట్‌ను గోల్‌కీపర్‌కు వదిలేసి, పాస్ దారిని మాత్రమే మూస్తాడు. పక్ ఉన్నవాడు వేళ మించేదాకా ఎదురుచూసి చివరికి ఇరుకు కోణం నుంచి షాట్ కొట్టేలా చేస్తాడు. కీపర్ ఆపితే గణాంకాల్లో పేరు కీపర్‌కే పడుతుంది.

పక్ తమ మూలలో పడ్డప్పుడు దాన్ని తెచ్చుకోవడం మరో విద్య. వెంటాడి వచ్చేవాడికి వీపు చూపిస్తూ పరుగెత్తే ఆ రెండు మూడు క్షణాల్లో డిఫెండర్ భుజం మీదుగా వెనక్కి ఎన్నిసార్లు చూశాడో లెక్కపెట్టి చూడండి. పక్ చేరకముందే చూసినవాడు ఎటు తిరగాలో, ఎవరికి అందించాలో ముందే నిశ్చయించుకొని ఉంటాడు. చూడనివాడు గాజు గోడకేసి గుద్దించుకొని పక్ పోగొట్టుకుంటాడు. నేను ఆటను నేరుగా చూసేటప్పుడు కొంతసేపు పక్‌ను వదిలేసి ఈ ఒక్క మెడ కదలికనే గమనిస్తాను. జీతానికి తగిన డిఫెండర్ ఎవరో తేల్చడానికి నాకు దొరికిన కొలతల్లో ఇంతకంటే నమ్మదగినది లేదు.

ఈ విద్యకు ధర తక్కువ పలకడానికి కారణం కూడా కాంట్రాక్టుల విధానంలోనే ఉంది. ఆటగాడికి 27 ఏళ్లు వచ్చేదాకా లేదా ఏడు సీజన్లు పూర్తయ్యేదాకా అతను స్వేచ్ఛగా జట్టు మారలేడు. ఆ లోపు జీతం దగ్గర పేచీ వస్తే ఆర్బిట్రేషన్‌కు, అంటే మధ్యవర్తి తీర్పుకు, వెళ్లవచ్చు. అక్కడ ఇరుపక్షాలూ గణాంకాలను, పోల్చదగిన ఆటగాళ్ల ఒప్పందాలను ముందు పెట్టుకొని వాదిస్తాయి; పత్రికల్లో వచ్చిన మెచ్చుకోళ్లు గానీ, స్వేచ్ఛ వచ్చాక మార్కెట్లో కుదిరిన ఒప్పందాలు గానీ సాక్ష్యంగా చెల్లవు. అంకెగా నమోదైనదానికే అక్కడ గొంతు ఉంటుంది. గోల్ చేసినవాడి దగ్గర కాగితం ఉంది. జరగకుండా ఆపిన గోల్‌కు కాగితం లేదు. పక్‌పీడియా ఈ పక్షపాతాన్ని పుట్టించలేదు, కానీ అందులోని పట్టికలను మాత్రమే చదివి డిఫెండర్లను పోల్చేవారు తెలియకుండానే దాన్ని నెత్తికెత్తుకుంటారు.

మార్కెట్ ఈ విద్యను పూర్తిగా గుర్తించదనడమూ తప్పే. షాట్లకు ఒళ్లు అడ్డం పెట్టడంలో పేరు మోసిన క్రిస్ టానెవ్‌కు 34 ఏళ్ల వయసులో, 2024లో టొరంటో ఆరేళ్లకు 2 కోట్ల 70 లక్షల డాలర్లు ఇచ్చింది. ఏడాదికి 45 లక్షలు. అన్ని దెబ్బలు తిన్న ఒంటితో 40 ఏళ్ల వరకు ఆడతాడని ఆ జట్టు నమ్మిందనుకోను. సంవత్సరాలు పెంచి సగటు తగ్గించడమే అందులోని కిటుకు. ఒప్పందం నాటికి 35 నిండి ఉంటే, ఆటగాడు రిటైరైనా భారం జట్టును వదలని నియమం వర్తించే ప్రమాదం ఉండేది. ఒక్క ఏడాది తేడాతో అది తప్పింది. ఇలాంటి సూక్ష్మాలు పుట్టిన తేదీ, సంతకం తేదీ, బోనస్ గడులు పక్కపక్కనే కనిపిస్తే తప్ప సామాన్య ప్రేక్షకుడికి అందవు, పక్‌పీడియా వాటిని పక్కపక్కనే చూపిస్తుంది.

సైటు వాడకం గురించి కొంత. జట్ల మధ్య మార్పిడులు ఊహించి చూసుకునే ఆటలాంటి సదుపాయం ఇందులో ఉంది. కాలక్షేపానికి బాగుంటుంది, నేను పెద్దగా పట్టించుకోను. ఏజెంట్ల వారీగా ఆటగాళ్లను చూపే పేజీలు మాత్రం చాలామంది గమనించని నిధి, ఎందుకంటే ఒకే ఏజెంటు కుదిర్చిన ఒప్పందాలను వరుసగా చదివితే బేరం చేసే పద్ధతి పట్టుబడుతుంది. కొత్తవారికి ఇబ్బంది కలిగించేవి పొట్టి అక్షరాలు: ఆర్‌ఎఫ్‌ఏ (ఇంకా స్వేచ్ఛగా జట్టు మారలేని ఆటగాడు), యూఎఫ్‌ఏ (స్వేచ్ఛగా మారగలవాడు), ఎన్‌ఎమ్‌సి, ఎల్‌టీఐఆర్ (దీర్ఘకాల గాయాల జాబితా) వంటివి అడుగడుగునా ఎదురవుతాయి. వాటిలో ముందుగా నేర్చుకోవలసినది ఎన్‌ఎమ్‌సి, అంటే ఆటగాడి అనుమతి లేకుండా అతన్ని మరో జట్టుకు పంపకూడదన్న షరతు. కుటుంబం ఉన్న ఆటగాడికి ఒక్కోసారి అది డబ్బుకంటే ముఖ్యమవుతుంది.

క్యాప్ హిట్ అన్న అంకె కూడా ఎప్పుడూ సూటిగా ఉండదు. హరికేన్స్‌కే చెందిన ఫార్వర్డ్ సెత్ జార్విస్ ఎనిమిదేళ్ల ఒప్పందం 6 కోట్ల 32 లక్షల డాలర్లు, అంటే సగటు 79 లక్షలు కావాలి. పేజీలో కనిపించేది 74 లక్షల 20 వేలు. కొంత సొమ్మును ఒప్పందం ముగిశాక చెల్లించేలా వాయిదా వేసినందున దాని నేటి విలువ తగ్గి, సగటూ తగ్గింది. 2025లో ఆటగాళ్ల సంఘానికీ లీగ్‌కూ మధ్య కుదిరిన కొత్త ఒప్పందం ఈ దారిని మూసింది. అదే ఒప్పందం 2026 సెప్టెంబరు నుంచి గరిష్ఠ కాలాన్ని సొంత ఆటగాళ్లకు 7 ఏళ్లకు, బయటివారికి 6 ఏళ్లకు కుదించింది. కాబట్టి ఇప్పటి పేజీల్లో కనిపించే పొడుగు వరుసలు ముందు ముందు కుదిరే ఒప్పందాల్లో కనిపించవు. పాతవాటితో కొత్తవాటిని పోల్చేటప్పుడు ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి.

పోల్చేటప్పుడు డాలర్ల అంకెను పక్కన పెట్టి, ఒప్పందం మొదలైన ఏడు క్యాప్‌లో అది ఎంత శాతమో చూడమని నా సలహా. కొలరాడో డిఫెండర్ కేల్ మకార్ 2021లో 6 ఏళ్లకు 5 కోట్ల 40 లక్షల డాలర్లకు సంతకం చేసినప్పుడు క్యాప్ 8 కోట్ల 15 లక్షలు, కనుక ఏడాదికి 90 లక్షలంటే దాదాపు 11 శాతం. ఆ ఒప్పందం ముగిసే 2026-27 సీజన్‌కు క్యాప్ 10 కోట్ల 40 లక్షలు, ఆ మరుసటి ఏడుకు 11 కోట్ల 35 లక్షలు అని లీగ్ ముందుగానే ప్రకటించింది.  అంతే 11 శాతం 2027-28లో అయితే దాదాపు 1 కోటి 25 లక్షల డాలర్లవుతుంది. డిఫెండర్లకు రాబోయే ఒప్పందాల అంకెలు చూసి బెంబేలెత్తే ముందు ఈ చిన్న భాగాహారం చేసుకోండి, ఆ తరువాత ఆ ఆటగాడి ఆట ఒకటి పూర్తిగా చూడండి.